రైలుకు దారి... పిట్టకు గోడ!

ఒకే పక్షి మూడు జాతులుగా ఎందుకు విడిపోయింది? ఆ సమాధానం కోసం వెతికితే మంచుయుగాలు, కొండల మధ్య కనుమలు, డీఎన్‌ఏ అక్షరాలు అన్నీ ఎదురవుతాయి. ఈ కథలో కోడింగ్ తెలిసినవాళ్లకూ, మ్యాపులు చదవగలిగినవాళ్లకూ పని ఉంది. అందుకే ఇది మీ పేజీలోకి వచ్చింది.

సికింద్రాబాద్ నుంచి తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ ఎప్పుడైనా ఎక్కారా? మీరు ఎక్కకపోయినా, అయ్యప్ప మాల వేసిన బాబాయో మేనమామో ఎక్కే ఉంటారు. కోయంబత్తూరు దాటాక కిటికీలోంచి చూస్తే దూరంగా రెండు వైపులా కొండలు. రైలు మాత్రం కొండ ఎక్కదు. ఘాట్ సెక్షన్ లేదు, సొరంగం లేదు. చదునైన నేల మీద హాయిగా కేరళలోకి జారిపోతుంది.

అదే పాల్‌ఘాట్ కనుమ. పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టే ఉంటారు. పశ్చిమ కనుమల్లో అతి పెద్ద ఖాళీ ఇదే. వెడల్పు సుమారు 30 నుంచి 40 కిలోమీటర్లు. ఎత్తు మహా అయితే 300 మీటర్లు. దీనికి ఉత్తరాన నీలగిరుల్లో దొడ్డబెట్ట 2,637 మీటర్లు, దక్షిణాన ఆనముడి 2,695 మీటర్లు. రెండు ఎత్తైన మిద్దెల మధ్య సందు లాంటిదన్నమాట.

మనకు ఇది దారి. కానీ ఆ కొండల మీద బతికే ఒక చిన్న నీలి పిట్టకు ఇదే గోడ. అరచేతిలో పట్టేంత పక్షి అది. రెక్కలున్నాయి, ఎగరగలదు. అయినా ఈ ఖాళీ దాటదు. ఇటు ఉన్నది, అటు ఉన్నది ఇప్పుడు వేర్వేరు జాతులు.

రెక్కలున్నదాన్ని ఖాళీ నేల ఎలా ఆపుతుంది? అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఆకాశంలో దీవులు

పశ్చిమ కనుమల్లో సుమారు 1,400 మీటర్లు దాటాక ప్రకృతి మారిపోతుంది. పొట్టి చెట్లు, నాచు పట్టిన కొమ్మలు, ఎప్పుడూ పొగమంచు. కొండ మడతల్లో దట్టమైన అడవి, దాని చుట్టూ గడ్డి మైదానాలు. ఆ అడవులనే షోలాలు అంటారు. కింద ఉన్న వేడి నేలతో వీటికి పొత్తు కుదరదు. సముద్రంలో దీవులు ఎలా విడివిడిగా ఉంటాయో, ఇవీ అలాగే కొండ శిఖరాల మీద విడివిడిగా ఉంటాయి. శాస్త్రవేత్తలు వీటికి పెట్టిన పేరు ‘స్కై ఐలాండ్స్’. ఆకాశ దీవులు.

మన నీలి పిట్ట పేరు షోలకిలి. తమిళ, మలయాళాల్లో ‘కిలి’ అంటే పక్షి, చిలుక. షోలా అడవి పిట్ట అన్నమాట. దీని బతుకంతా అడవి అడుగున, నీడలో, పొదల మధ్య పురుగులు ఏరుకుంటూనే గడిచిపోతుంది. ఎండపడే ఖాళీ నేల మీద 30 కిలోమీటర్లు ఎగరడం దీని స్వభావంలో లేదు.

ఇక్కడ రెండు మాటల మధ్య తేడా తెలుసుకోవాలి: వలస, విస్తరణ. సంక్రాంతికి ఊరెళ్లి మళ్లీ రావడం వలస లాంటిది. ఏటా వెళ్తారు, ఏటా తిరిగొస్తారు. ఉద్యోగం కోసం ఊరు విడిచి హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఇల్లు కొనుక్కుని, అక్కడే పిల్లల్ని పెంచడం విస్తరణ. కొత్త జాతులు పుట్టే విషయంలో లెక్కకు వచ్చేది ఈ రెండోదే. ఎందుకంటే వెళ్లినవాళ్లతో పాటు వాళ్ల జన్యువులు కూడా అక్కడే స్థిరపడతాయి.

పులికాట్ సరస్సుకు వచ్చే పెద్ద ఫ్లెమింగోలను తీసుకోండి. వందల కిలోమీటర్లు వాటికి లెక్క కాదు. అలా తిరిగే పక్షుల్లో జన్యువులు కలిసిపోతూనే ఉంటాయి. షోలకిలిలో అలా కలవవు. కలవకపోతే? గిట్‌హబ్ వాడేవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. ఒకే కోడ్‌ను ఇద్దరు ఫోర్క్ చేసుకుని, ఎవరి మార్పులు వాళ్లు చేసుకుంటూ పోతే, మొదటి వారంలో మెర్జ్ చేయడం తేలిక. రెండేళ్ల తర్వాత చేయబోతే అన్నీ కాన్‌ఫ్లిక్ట్‌లే. జీవుల్లోనూ అంతే. ఒక తేడా ఉంది. అక్కడ మార్పులు ఎవరూ ఆలోచించి చేయరు. కాపీ అయ్యేటప్పుడు దొర్లే తప్పులు, వాటిలో కొన్ని నిలవడం, కొన్ని పోవడం, అంతే.

గోడ పాతది... మరి పిట్ట అటెలా వెళ్లింది?

ఇంతవరకు విన్నాక మీకొక అనుమానం రావాలి. పాల్‌ఘాట్ కనుమ ఈ మధ్య ఏర్పడింది కాదు. ఈ పక్షుల వంశం పుట్టకముందు నుంచీ ఉన్నదే. పిట్ట ఆ ఖాళీని దాటలేదంటున్నాం. అలాంటప్పుడు రెండు వైపులా దాని చుట్టాలు ఎలా ఉన్నాయి? ఎప్పుడో ఒకప్పుడు దాటి ఉండాలి కదా!

దీనికి సమాధానం వాతావరణం. గోడ కదలలేదు, గోడలోని తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ వచ్చింది.

భూమి గత 25 లక్షల ఏళ్లలో చాలాసార్లు చల్లబడింది, మళ్లీ వెచ్చబడింది. చివరి మంచుయుగం సుమారు 21 వేల ఏళ్ల కిందట తారస్థాయికి చేరింది. అప్పట్లో సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందకు ఉండేది. భూమి చల్లబడితే కొండ పైన ఉండే చల్లని అడవి కిందకు దిగగలదు. అప్పుడు వేర్వేరు శిఖరాల అడవులు దగ్గరవుతాయి, కొన్నిచోట్ల కలుస్తాయి. వెచ్చబడితే అడవి మళ్లీ పైకి ఎక్కేస్తుంది. దానితోపాటే పిట్టా పైకి పోతుంది. కింద మిగిలేది ఖాళీ.

కానీ చల్లదనం ఒక్కటే ఉంటే సరిపోదు, తడి కూడా కావాలి. ఇక్కడ నీలగిరుల్లో దొరికిన ఒక ఆధారం ఆసక్తిగా ఉంటుంది. అక్కడి లోయల్లో మొక్కలు కుళ్లి పొరలు పొరలుగా పేరుకున్న నల్లటి పీట్ మట్టి ఉంది. ఆర్.సుకుమార్ బృందం ఆ మట్టిలోని కార్బన్ ఐసోటోపులను కొలిచి 1993లో ‘నేచర్’లో ఫలితాలు ప్రచురించింది. ఇంటర్‌లో సీ3, సీ4 మొక్కలని చదివాం గుర్తుందా? చెట్లు ఎక్కువగా సీ3, పొడి వేడి నేలల గడ్డి ఎక్కువగా సీ4. రెండూ కార్బన్‌ను వేర్వేరు పాళ్లలో పట్టుకుంటాయి. మట్టిలో ఆ గుర్తు వేల ఏళ్లపాటు నిలిచి ఉంటుంది. చివరి మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు నీలగిరులు పొడిగా ఉన్నాయనీ, సీ4 గడ్డి పెరిగిందనీ, ఆ తర్వాత వానలు పెరిగి సీ3 మొక్కలు పుంజుకున్నాయనీ ఆ పొరలు చెప్పాయి.

అంటే ప్రతి మంచుయుగమూ అడవి పక్షికి తలుపు తెరిచిందని అనుకోవద్దు. చల్లగా, తడిగా ఉన్న కాలం ఒక రకం. చల్లగా, పొడిగా ఉన్న కాలం ఇంకో రకం. తలుపు తెరుచుకున్న కాలంలో కొన్ని పక్షులు అవతలికి చేరాయి. మూసుకున్నాక ఎటు ఉన్నవి అటే మిగిలిపోయాయి. జాతి చీలడానికి కావాల్సినవి ఈ రెండూ: ముందు విస్తరణ, తర్వాత ఒంటరితనం. ఒక్క విస్తరణే ఉంటే అంతా ఒకే జాతి. ఒక్క ఒంటరితనమే ఉంటే అవతల పక్షే లేదు.

పిట్ట రక్తంలో తేదీలు

వి.వి.రాబిన్, ఉమా రామకృష్ణన్, వాళ్ల సహచరులు ఏళ్ల తరబడి ఈ కొండల మీద పనిచేశారు. తెల్లవారుజామున సన్నని వలలు కట్టి, పక్షిని జాగ్రత్తగా పట్టి, చుక్క రక్తం తీసి, కాలికి రింగు వేసి వదిలేయడం. తర్వాత ల్యాబ్‌లో డీఎన్‌ఏ చదవడం. వాళ్లు 2010లో ప్రచురించిన పరిశోధన ఈ నీలి పిట్టల్లో పాత చీలికలను కనుమలతోనూ, పురాతన వాతావరణంతోనూ ముడిపెట్టి చూపించింది.

డీఎన్‌ఏ నుంచి కాలం ఎలా తెలుస్తుంది? లెక్క మీరూ చేయగలరు. పక్షుల్లో సైటోక్రోమ్-బీ అనే మైటోకాండ్రియా జన్యువు ఉంటుంది. దాని పొడవు సుమారు 1,143 అక్షరాలు. చాలా పక్షి వంశాల్లో సగటున పది లక్షల ఏళ్లకు 2 శాతం చొప్పున రెండు శాఖల మధ్య ఈ జన్యువులో తేడా పెరుగుతుందని అంచనా. ఇప్పుడు రెండు పక్షుల్ని పోలిస్తే 23 అక్షరాలు తేడా వచ్చాయనుకోండి. 23ని 1,143తో భాగిస్తే సుమారు 2 శాతం. అంటే దాదాపు పది లక్షల ఏళ్ల కిందట దారులు వేరయ్యాయని. దీన్ని మాలిక్యులర్ క్లాక్ అంటారు. ఇది చేతి గడియారమంత కచ్చితం కాదు, వేగం వంశాన్ని బట్టి మారుతుంది. అందుకే అసలు పరిశోధనల్లో ఎన్నో జన్యువులు, బేయిజియన్ పద్ధతులు, ఇంత నుంచి ఇంతవరకు అనే హద్దులు ఉంటాయి.

2015లో అదే బృందం ఒక పక్షితో ఆగకుండా ఆకాశ దీవుల్లోని 23 జాతులను పరిశీలించింది. వాటిలో 10 జాతుల్లో కనుమలకు అటూ ఇటూ జన్యు తేడాలు కనిపించాయి. ఎక్కువ జాతుల్ని విడదీసింది అన్నిటికన్నా వెడల్పైన, లోతైన పాల్‌ఘాట్ కనుమే. చిన్న కనుమలు వాటిలో కొన్నింటినే విడదీశాయి. గమనించండి: గోడ అందరికీ ఒకటే, ఫలితం మాత్రం ఒకటి కాదు. మిగతా 13 జాతులకు అదే ఖాళీ పెద్ద అడ్డంకి కాలేదు. పక్షి ఎంత దూరం వెళ్లగలదు, ఏ అడవి లేకపోతే బతకలేదు అన్న దాన్ని బట్టి ఫలితం మారింది.

2017లో ఇంకో అడుగు పడింది. ఈ నీలి పిట్టల్ని అంతకుముందు ఎక్కడో హిమాలయాల, ఆగ్నేయాసియా పక్షుల ప్రజాతుల్లో కలిపి రాసేవారు. అవి పూర్తిగా వేరే వంశమని తేలడంతో ‘షోలికోలా’ అనే కొత్త ప్రజాతి ఏర్పాటైంది. లాఫింగ్‌థ్రష్‌లకు ‘మాంటెసింక్లా’ అనే మరో కొత్త ప్రజాతి. ఇప్పుడు మ్యాపు మీద పెట్టి చూడండి.

షోలికోలాలో మూడు జాతులు. పాల్‌ఘాట్ కనుమకు ఉత్తరాన నీలగిరి షోలకిలి. దక్షిణాన ఆనమలై, పళని కొండల్లో తెల్లపొట్ట షోలకిలి. ఇంకా కిందకు, షెన్‌కోట కనుమ దాటాక అషంబు షోలకిలి. మూడోదాన్ని కొత్త జాతిగా వర్ణించింది 2017లోనే.

మాంటెసింక్లాలో నాలుగు జాతులు. బాణాసుర కొండలకు ఒకటి, నీలగిరులకు ఒకటి, పళని-ఆనమలైకి ఒకటి, అషంబు కొండలకు ఒకటి. మొదటి రెండిటి మధ్య చలియార్ నది లోయ, తర్వాత పాల్‌ఘాట్, తర్వాత షెన్‌కోట. మూడు ఖాళీలు, నాలుగు జాతులు. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టుంటుంది!

మన కొండల్లోనూ ఒక ప్రశ్న

ఇది కేరళ, తమిళనాడు సంగతి కదా అనుకోకండి. 1949లో సుందర్ లాల్ హోరా అనే శాస్త్రవేత్త ఒక ప్రశ్న తీసుకున్నారు. హిమాలయాల్లోనూ, పశ్చిమ కనుమల్లోనూ ఉండి మధ్యలో ఎక్కడా కనిపించని జీవులు ఎలా వచ్చాయి? ఒకప్పుడు వాతావరణం తడిగా ఉన్నప్పుడు వింధ్య-సాత్పురా కొండల మీదుగా వచ్చి ఉంటాయన్నది ఆయన ప్రతిపాదన. ఆయన చూసింది కొండవాగుల చేపల్ని. హైదరాబాద్ సంస్థానంలో 1931లో పక్షుల సర్వే చేసిన సలీం అలీ అదే 1949లో ఈ సాత్పురా దారిని పక్షులకూ వర్తింపజేసి చర్చించారు. తూర్పు కనుమలు కూడా అలాంటి దారి అయి ఉండొచ్చా అన్న చర్చ అప్పటి నుంచీ ఉంది.

దానికి ఒక జాడ మన విశాఖ మన్యంలోనే ఉంది. అబాట్స్ బాబ్లర్ అనే గోధుమరంగు పిట్ట హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది. అక్కడి నుంచి ఇంత దూరంగా, విశాఖ కొండల్లో దాని గుంపు ఒకటి విడిగా బతుకుతోంది. 1985లో దాన్ని ప్రత్యేక ఉపజాతిగా గుర్తించి ‘కృష్ణరాజుయి’ అని పేరు పెట్టారు. విశాఖకు చెందిన ప్రకృతి పరిశోధకుడు కె.ఎస్.ఆర్.కృష్ణరాజు గౌరవార్థం పెట్టిన పేరది. ఒక పక్షి శాస్త్రీయ నామంలో తెలుగువాడి పేరు ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఎందుకు తొందర?

పాత కాలం కథే కదా, ఉద్యోగం వెతుక్కునే మాకెందుకు అంటారా? ఈ పాత లెక్క మీదే ఇప్పటి నిర్ణయాలు ఆధారపడి ఉన్నాయి.

చివరి మంచుయుగం తారస్థాయి నుంచి ఇప్పటి వెచ్చని కాలానికి రావడానికి భూమికి దాదాపు పదివేల ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో సగటు ఉష్ణోగ్రత సుమారు 5, 6 డిగ్రీలు పెరిగింది. ఇప్పుడు పారిశ్రామిక యుగం మొదలయ్యాక సుమారు 150 ఏళ్లలోనే ఒక డిగ్రీకి పైగా పెరిగింది. అప్పుడు అడవికి పైకి ఎక్కే సమయం ఉంది. ఇప్పుడు సమయం తక్కువ. శిఖరం మీదున్న పిట్టకు అయితే ఎక్కడానికి పైన ఇంకేమీ లేదు.

దీనికి తోడు టీ తోటలు, యూకలిప్టస్, వాటిల్ చెట్లు. 2015లోనే వచ్చిన మరో పరిశోధనలో తెల్లపొట్ట షోలకిలినీ, పళని లాఫింగ్‌థ్రష్‌నూ పక్కపక్కన పెట్టి చూశారు. పాత కనుమలు రెండింటినీ విడదీశాయి. కానీ ఇటీవలి అడవుల నరికివేత వల్ల ఒకే కొండ దీవి లోపల కూడా షోలకిలి గుంపులు జన్యుపరంగా విడిపోతున్నట్టు తేలింది. లాఫింగ్‌థ్రష్‌లో అలా కనిపించలేదు. మంచుయుగాలు లక్షల ఏళ్లలో కట్టిన గోడలకు పక్కన మనం వందేళ్లలో కొత్త గోడలు కట్టేశామన్నమాట.

జాతి ఒకటా, మూడా అన్నది పేర్ల గొడవ కాదు. ఒకటే జాతి అనుకుంటే, ఒక కొండ మీద పోయినా ఇంకో కొండ మీద ఉంది కదా అని సరిపెట్టుకుంటాం. మూడని తెలిస్తే, ఒక కొండ మీద పోయిందంటే భూమ్మీదే పోయినట్టు. నీలగిరి షోలకిలి ఇప్పటికే ఐయూసీఎన్ జాబితాలో ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జాతి.

మీకు చోటెక్కడ?

పైన చెప్పిన పనుల్ని ఇంకోసారి చూడండి. డీఎన్‌ఏ వరుసల్ని పోల్చడం స్ట్రింగ్ మ్యాచింగే. వంశవృక్షం కట్టడం డేటా స్ట్రక్చర్ల పని. 21 వేల ఏళ్ల నాటి అడవి ఎక్కడ ఉండేదో ఊహించడం మెషీన్ లెర్నింగ్, జీఐఎస్ కలిసిన పని. కొండ కొండకూ పాట ఎలా మారిందో చూడడం సిగ్నల్ ప్రాసెసింగ్. ఈసీఈ వాళ్లు నాలుగో సెమిస్టర్‌లో భయపడిన ఫోరియర్ ట్రాన్స్‌ఫామే ఇక్కడ స్పెక్ట్రోగ్రామ్ అవుతుంది.

రూపాయి ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు. జెన్‌బ్యాంక్‌లో జన్యు వరుసలు, ఈబర్డ్‌లో పక్షుల నమోదులు, వరల్డ్‌క్లిమ్‌లో ఇప్పటి, పాత కాలపు వాతావరణ డేటా ఉచితంగా దొరుకుతాయి. ఆర్, పైథాన్, క్యూజీఐఎస్, మెగా సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. రెండు షోలకిలి జాతుల వరుసల్ని తీసుకుని, పైన చెప్పిన లెక్క మీరే చేసి, మ్యాపు మీద కనుమలు గీసి, గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమెలో పదిమందీ రాసే ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ కన్నా ఇంటర్వ్యూ చేసేవాళ్లు దీని గురించే రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు.

చదువు విషయానికొస్తే, రాబిన్ ల్యాబ్ ఉన్నది మన తిరుపతి ఐసర్‌లోనే. హైదరాబాద్ సీసీఎంబీకి అత్తాపూర్‌లో అంతరించే జాతుల పరిరక్షణకు ‘లాకోన్స్’ ప్రయోగశాల ఉంది. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో, దెహ్రాదూన్ వన్యప్రాణి సంస్థలో వైల్డ్‌లైఫ్ ఎంఎస్సీ కోర్సులున్నాయి. గేట్‌లో ‘ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ పేపర్ ఉంది. ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లూ అర్హులే. ప్రతి నోటిఫికేషన్‌లోనూ అర్హత, వయసు నిబంధనలు ఒకటికి రెండుసార్లు చదువుకోండి.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవు. ప్రాజెక్టు ఉద్యోగాలు ఏడాదికో రెండేళ్లకో అయిపోతాయి. పీహెచ్‌డీలో సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ నెలకు 37 వేల రూపాయలు. దానికి నెట్ మంచి ర్యాంకుతో దాటాలి. శాశ్వత పోస్టులు కొద్ది. ఇంట్లో ఈఎంఐలు మీ జీతం మీదే ఆధారపడి ఉంటే, ముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, వారాంతాల్లో ఈ డేటాతో పనిచేయడం తప్పేమీ కాదు. రెండు పడవల మీద కాలని ఎవరైనా అంటే అననివ్వండి. పైథాన్ రెండు చోట్లా ఒకటే.

తలుపు ఎప్పుడూ తెరిచి ఉండదని షోలకిలి కథ చెబుతుంది. తెరిచి ఉన్న కాలంలో కదిలినవాళ్లే అవతలి కొండ చేరతారు. చదువుకీ ఉద్యోగానికీ మధ్య మీకు దొరికిన ఈ కొన్ని నెలలు అలాంటి తలుపే కావచ్చు. రేపు పొద్దున్న ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకుని హాస్టల్ మేడ ఎక్కండి. ముందు మీ చుట్టూ ఏమేం కూస్తున్నాయో వినండి. మిగతా పని అక్కడి నుంచి మొదలవుతుంది.

పరీక్షలకు పనికొచ్చేవి

• పాల్‌ఘాట్ కనుమ: నీలగిరులు, ఆనమలై కొండల మధ్య ఉంది. తమిళనాడు, కేరళలను కలుపుతుంది.

• షెన్‌కోట కనుమ: పాల్‌ఘాట్‌కు దక్షిణాన, దానికన్నా చాలా సన్నం. ఇక్కడా రైలు మార్గం ఉంది.

• షోలా: పశ్చిమ కనుమల ఎత్తైన ప్రాంతాల్లో గడ్డి మైదానాల మధ్య ఉండే పొట్టి సతత హరిత అడవి.

• సాత్పురా పరికల్పన: సుందర్ లాల్ హోరా, 1949.

• పశ్చిమ కనుమలకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా: 2012.

• షోలికోలా, మాంటెసింక్లా: పశ్చిమ కనుమల్లో తప్ప మరెక్కడా లేని పక్షి ప్రజాతులు, 2017లో ఏర్పాటయ్యాయి.